కంచె ఎత్తిన చెయ్యి

మా బావను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. కంచె అంటారు. వయసులో పెద్దవాళ్ళయితే ఒరేయ్ కంచె, చిన్నవాళ్ళయితే కంచె అంకుల్, ఆయన కౌన్సిలర్ అయ్యాక మర్యాద నేర్చుకున్నవాళ్ళయితే కంచెగారూ. ఫుట్‌బాల్‌లో ఇరవై ఏళ్ళ పాటు వెనక వరసలో నిలబడి, గోలువైపు వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపిన మనిషి. ఆయన దగ్గర బంతి దాటితే మనిషి దాటడు, మనిషి దాటితే బంతి దాటదు అని చెప్పుకునేవాళ్ళు. రెండూ కలిసి దాటిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ మా బావ మరిచిపోయాడు. మా అక్క మరిచిపోలేదు.

నేను టైలర్ని. గ్రౌండు గేటుకి సరిగ్గా ఎదురుగా మా కొట్టు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, వెనక ఇల్లు. మా నాన్న కూర్చున్న స్టూలు మీదే ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. కానీ ఈ కథలో మొదటి చొక్కా నుంచి చివరి కోటు దాకా నా చేతిమీదుగా వెళ్ళినవే కాబట్టి, చెప్పే హక్కు నాకే ఉందని అనుకుంటున్నాను.

బావ మొదట ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. భుజం మీద గోనె పట్టా, దాని మీద ఐసు దిమ్మ. నెమ్మదిగా నడిస్తే సరుకు కరిగిపోతుంది, పరిగెడితే కాలు జారుతుంది. జారకుండా పరిగెత్తడం అక్కడే నేర్చుకున్నాడు. సాయంత్రం గ్రౌండులో ఆడుతుంటే చూసి ఊరి జట్టులోకి తీసుకున్నారు. జట్టు చొక్కాలు కుట్టే పని మా నాన్నది, వెనక నంబర్లు అతికించే పని నాది. అప్పుడే కాజాలు కుట్టడం నేర్చుకుంటున్న రోజులు. బావకు ఆరో నంబరు ఇవ్వమన్నారు. నేను తలకిందులుగా కుట్టాను.

మ్యాచ్ మొదలయ్యాక గానీ ఎవరూ చూసుకోలేదు. తొమ్మిది అంటే గోల్స్ కొట్టేవాడి నంబరు. అవతలి కోచ్ బావను చూసి, వీడెవడో కొత్తవాడు, ఏనుగులా ఉన్నాడు, వీణ్ణి వదలొద్దని ఇద్దరిని కాపలా పెట్టాడు. మ్యాచంతా ఆ ఇద్దరూ మా గోలు పక్కనే బావ చుట్టూ తిరిగారు. అవతల వాళ్ళ గోలు ఖాళీ. మూడు సున్నాతో గెలిచాం. మా నాన్న నన్ను కొడదామని స్కేలు తీశాడు, ఈలోగా మా కోచ్ వచ్చి నాకు చెయ్యి కలిపాడు. ఆ తర్వాత ఎన్ని జట్లు మారినా బావ తొమ్మిదే వేసుకున్నాడు. నన్ను మాత్రం ఆ రోజు నుంచీ "టేపూ" అని పిలుస్తాడు. మెడలో టేపు ఉండి కూడా తలా తోకా తెలియనివాడినని.

అప్పటికి ఆయన నాకు బావ కాదు. అయ్యే ప్రయత్నంలో ఉన్నాడు. వారానికి రెండుసార్లు చొక్కా చిరిగిందని కొట్టుకి వచ్చేవాడు. మా అక్క అంచులు కుట్టే మిషను దగ్గర కూర్చునేది. మా నాన్న ఒకరోజు చిరుగు వెలుతురులో పట్టుకుని చూసి, నన్ను పిలిచాడు.

"చూడరా, నేర్చుకో. ఆటలో చిరిగితే కుట్టు దగ్గర విడిపోతుంది, పోగులు బయటికి లేస్తాయి. చేత్తో పట్టి లాగితే గుడ్డ మధ్యలో చిరుగుతుంది, వేళ్ళు పట్టిన చోట సాగి ఉంటుంది. ఇదేంటి?"

"చేత్తో చింపింది నాన్నా."

"అబ్బాయ్," అన్నాడు మా నాన్న బావతో, "మా పిల్లను చూడాలంటే చూడు. మధ్యలో గుడ్డేం పాపం చేసింది?"

అలా మా అక్క పెళ్ళయింది. ఆ చిరుగుల పాఠం కూడా నాకు వచ్చేసింది. అది ఇంకోచోట అక్కరకొస్తుందని అప్పుడు తెలియదు.

బావ పెద్ద క్లబ్బుకి వెళ్ళాడు. రైళ్ళు, హాస్టళ్ళు, వందల మ్యాచ్‌లు. దేశం జట్టులో కూడా ఒక్క మ్యాచ్ ఆడాడు, అది కూడా చివరి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల గురించి ఆయన రెండు గంటలు చెప్పగలడు. ఆయన అసలు విద్య మాత్రం వేరే. చెయ్యెత్తడం.

ఆఫ్‌సైడ్ అంటే తెలియనివాళ్ళకి నాకు తెలిసినట్టు చెబుతాను. అవతలి జట్టువాడు మనందర్నీ దాటిపోయి, మన గోలు ముందు ముందే నక్కి నిలబడి, బంతి అక్కడికి రాగానే తన్నేద్దామని చూస్తాడు. క్యూలో నిలబడకుండా పక్కనుంచి వెళ్ళి కౌంటర్లో చెయ్యి దూర్చేవాడు ఉంటాడే, అలాంటివాడన్నమాట. అది తప్పు. ఆ తప్పు కనబడగానే వెనక వరసవాళ్ళు రెఫరీకి తెలిసేలా చెయ్యెత్తుతారు. మిగతావాళ్ళు అరుస్తారు, గంతులేస్తారు. బావ అరిచేవాడు కాదు. నోరు మూసుకుని కుడిచెయ్యి నిటారుగా పైకెత్తేవాడు. చూడకుండానే లేచేది ఆ చెయ్యి. ఒకసారి సినిమాహాల్లో విలన్ ఇంట్లోకి హీరో ముందే వెళ్ళి తలుపు చాటున దాక్కుంటే చెయ్యెత్తాడు. వెనక సీట్లోవాళ్ళు తిట్టారు.

"చెయ్యి దించండి, పరువు పోతోంది," అంది అక్క.

"ముందే వెళ్ళి నిలబడ్డాడే!" అన్నాడు బావ.

ఆట చివర్లో ఊరి జట్టుకే తిరిగి వచ్చాడు. ముప్పై ఐదేళ్ళ వయసులో, మా గ్రౌండులోనే, జిల్లా ఫైనల్ ఆడాడు. రెఫరీ ఈల మాస్టారు. బళ్ళో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఆయన భార్య కూడా గుర్తుపట్టదనేవాళ్ళు. ఇంకా నాలుగు నిమిషాలుందనగా అవతలి ఫార్వర్డు ఒకడు బావను దాటేశాడు. మనిషీ దాటాడు, బంతీ దాటింది. మరుక్షణం వాడు గోలు ముందు బోర్లా పడున్నాడు. ఈల మోగింది. పెనాల్టీ, పైగా ఎర్ర కార్డు.

"నేను ముట్టుకోలేదు మాస్టారూ!"

"చొక్కా లాగావు."

"నా మీద ఒట్టు, ముట్టుకోలేదు!"

మేం ఒక గోలుతో ఓడిపోయాం. బావ ఆట అక్కడితో అయిపోయింది. ఇరవై రెండేళ్ళు ఈల మాస్టారితో మాట్లాడలేదు. ఎవరు కదిపినా అదే పాట: "ముట్టుకోలేదు." ఊరంతా నమ్మింది. నేను తప్ప. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రాజకీయాల్లోకి బావ కావాలని రాలేదు. మా వీధి కుళాయి దగ్గర రోజూ యుద్ధం జరిగేది. ఒకరోజు అక్క బిందె ఇచ్చి పంపింది. బావ వెళ్ళి వరస మధ్యలో నిలబడ్డాడు. అంతే. పక్కనుంచి దూరబోయిన ప్రతివాడి ముందూ ఒక అడుగు అటో ఇటో వేశాడు, కుడిచెయ్యి ఎత్తాడు. ఎవర్నీ ముట్టుకోలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు. ఆ రోజు అందరికీ నీళ్ళొచ్చాయి. మర్నాడు జనం వచ్చి తలుపు కొట్టి, కంచె వస్తేనే కుళాయి విప్పుతామన్నారు. తర్వాత రేషను షాపు దగ్గరికి పిలిచారు, ఆ తర్వాత ఆస్పత్రి ఓపీ దగ్గరికి. రెండేళ్ళు తిరిగేసరికి వార్డు ఎన్నికల్లో నిలబెట్టేశారు.

ప్రచార సభలో మైకు ఇచ్చారు. పది నిమిషాల ఉపన్యాసం నేనే రాసిచ్చాను, సగం తప్పులతో. బావ కాగితం చూశాడు, మైకు చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నమస్కారం. నేను వెనకే ఉంటాను," అని కూర్చున్నాడు. చప్పట్లు ఆగలేదు. రెండొందల పన్నెండు ఓట్ల మెజారిటీతో గెలిచాడు. ప్రమాణ స్వీకారానికి బూడిద రంగు కోటు కుట్టాను. భుజాలకి గుడ్డ సరిపోక వెనక రెండు అతుకులు పడ్డాయి. చదవని ఆ ఉపన్యాసమే కలిసొచ్చిందని కాగితాన్ని ఈ కోటు జేబులోకి మార్చుకున్నాడు.

బావకు కౌన్సిల్లో ఒకటే కోరిక. గ్రౌండు ఉండాలి. ఎందుకంటే గ్రౌండు పోయే మాట అప్పటికే మొదలైంది. చైర్మన్‌ది ఫొటో స్టూడియో. ఏ పనైనా ప్రారంభోత్సవం ఫొటో ఎలా వస్తుందో చూసి మొదలుపెట్టే మనిషి. గ్రౌండు మొత్తం తీసేసి పెద్ద మార్కెట్ భవనం కట్టాలని తీర్మానం తయారు చేశాడు. చెడ్డ ఆలోచనేమీ కాదు. కూరగాయలవాళ్ళు వానలో గొడుగుల కింద అమ్ముకుంటున్నారు, వాళ్ళకి కప్పు కావాలి. ఈల మాస్టారు కూడా అప్పటికి కౌన్సిలరే. ఆయన ఆ కప్పు కోసమే చైర్మన్‌వైపు ఉన్నాడు. మొత్తం పదిహేనుమంది. బావ తిరిగి తిరిగి తనతో కలిపి ఎనిమిది మందిని గ్రౌండువైపు కూడగట్టాడు. అవతల ఏడు. గెలిచినట్టే అనుకున్నాం.

మీటింగు రోజు నేను సందర్శకుల బెంచీ మీద కూర్చున్నాను. కౌన్సిల్ హాలు మేడ మీద. ఒక ఫ్యాను తిరుగుతుంది, ఇంకోటి తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. బావ సీటు కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే గ్రౌండు. కింద నర్సుల జట్టుకీ బ్యాంకు జట్టుకీ ఆడవాళ్ళ మ్యాచ్ జరుగుతోంది. చైర్మన్ తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిది పేజీలు. మూడో పేజీకి మా ఎనిమిది మందిలో ఒకడైన మందుల షాపాయన కునుకు తీశాడు. ఐదో పేజీకి బావ మెడ కిటికీవైపు తిరిగింది.

తొమ్మిదో పేజీలో ఉండగా కింద బ్యాంకు జట్టు ఫార్వర్డు అందర్నీ దాటిపోయి గోలు ముందు నక్కి నిలబడింది. వెనకనుంచి బంతి లేచింది.

"...కావున అనుకూలంగా ఉన్న సభ్యులు చేతులెత్తవలసిందిగా..."

బావ కుడిచెయ్యి నిటారుగా లేచింది.

నిజం చెప్పాలంటే నేను కూడా కిటికీవైపే చూస్తున్నాను. అది ఆఫ్‌సైడే. రెండు గజాల ఆఫ్‌సైడ్. నా చెయ్యి కూడా సగం లేచింది. అప్పుడు గుమాస్తా గొంతు వినబడింది: "ఎనిమిది."

బావ తల తిప్పాడు. పైనున్న తన చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"ఆమోదించడమైనది," అన్నాడు చైర్మన్.

"అయ్యయ్యో, అది కాదు! నేను ఎత్తలేదు!"

"ఇంకా పైనే ఉంది కదండీ కంచెగారూ."

"ఇది దానికి ఎత్తింది కాదండీ, కింద ఆఫ్‌సైడ్..."

హాలంతా గొల్లుమంది. చైర్మన్ మర్యాదగానే చెప్పాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, కానీ పద్ధతి ప్రకారం తీర్మానాన్ని పదిహేను రోజుల తర్వాత మీటింగులో మళ్ళీ ఖాయం చేయాలి, ఏం చెప్పుకున్నా అప్పుడే.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. కంచే చేను మేసింది అన్నారు. ఈ సామెత మా బావ కోసమే పుట్టి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్నట్టు ప్రతివాడి నోటా అదే. కొందరు నవ్వారు, అది పరవాలేదు. కొందరు అమ్ముడుపోయాడన్నారు. అది బావకు గుచ్చుకుంది. ఇంటికొస్తే అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇరవై ఏళ్ళు గ్రౌండులో ఎత్తారు, ఇప్పుడు ఆఫీసులో ఎత్తారు. ఇంట్లో తాగిన గ్లాసు ఎత్తమంటే మాత్రం ఆ చెయ్యి లేవదు!"

"అది ఆఫ్‌సైడేనే."

"ఔనక్కా, అదైతే ఆఫ్‌సైడే," అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్. బొత్తాలు కుట్టుకో ఫో."

మర్నాడు ఇంకో దెబ్బ. మందుల షాపాయన కొట్టుకొచ్చి, ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చి, మెల్లగా సంగతి చెప్పాడు.

"నాయకుడే అటు ఎత్తాక నేను ఇటెందుకులే అని చైర్మన్‌గారికి మాటిచ్చేశానయ్యా. ఏమనుకోకు."

ఆ ప్యాంటు ఒక కాలు రెండంగుళాలు ఎక్కువ కత్తిరించాలనిపించింది. కత్తిరించలేదు. లెక్క మాత్రం తిరగబడింది. బావ చెయ్యి సరిచేసుకున్నా ఇటు ఏడు, అటు ఎనిమిది. ఇంకొక్కరు కావాలి. మిగిలినవాళ్ళలో మాట వింటాడనుకునే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడితోనే బావకు ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు.

"మాస్టారికి కావాల్సింది కూరగాయలవాళ్ళకి కప్పు. గ్రౌండు పోవాలని కాదు కదా?" అన్నాను.

బావ గ్రౌండు గేటువైపు చూసి, "ఒరేయ్ టేపూ, గ్యాలరీ కింద ఎంత చోటుంటుంది?" అన్నాడు.

గ్రౌండుకి రోడ్డువైపు సిమెంటు మెట్ల గ్యాలరీ ఉంది. దాని కింద బోలుగా ఉంటుంది. విరిగిన గోలు కర్రలు, పాత బెంచీలు, ఒక ముసలి కుక్క. ఇద్దరం వెళ్ళాం. నా దగ్గరున్నది బట్టలు కొలిచే అరవై అంగుళాల టేపు. దాంతోనే ఈ చివరనుంచి ఆ చివరకి కొలిచాం. బావ ఒక కొస పట్టుకుంటే నేను ఇంకో కొస పట్టుకుని, సుద్దతో గీత గీసి, మళ్ళీ అక్కడినుంచి. నా అలవాటుకొద్దీ ప్రతి కొలతకీ ఒక అంగుళం వదులు పెట్టాను.

"గోడకి వదులెందుకురా, లావెక్కుతుందా?"

"చెప్పలేం బావా, నువ్వెక్కలా?"

తేలింది ఏమిటంటే, నలభై నాలుగు కొట్లు పడతాయి. రోడ్డువైపు తలుపులు తీస్తే చాలు. పైన కప్పు ముందే ఉంది. గ్రౌండు గడ్డి ఒక్క పరక కదలక్కర్లేదు.

ఆ కాగితం పట్టుకుని ఈల మాస్టారింటికి వెళ్ళాం. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. మెడలో ఈల ఉంది. కాగితం తీసుకుని రెండుసార్లు చూశాడు.

"ఆలోచన బావుందయ్యా కంచె. కొలతలు నిజమేనా?"

"నిజమే మాస్టారూ."

"నీ మాటని నమ్మమంటావు."

"నమ్మండి మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తీశాడు. "అయితే ఒకటడుగుతాను. ఫైనల్లో ఆ రోజు చొక్కా లాగావా, లేదా?"

బావ నోట్లోంచి తడుముకోకుండా వచ్చేసింది, ఆయన చెయ్యి లేచినట్టే: "ముట్టుకోలేదు మాస్టారూ."

మాస్టారు కాగితం మడిచి బావ చేతిలో పెట్టాడు. "సరే. వెళ్ళిరండి. నేను చూసింది చూశాను. నీ పాత మాట నమ్మలేనివాణ్ణి, కొత్త మాట ఎలా నమ్మనయ్యా? నలభై నాలుగు కుటుంబాల సంగతి ఇది."

దారంతా బావ గొణుగుతూనే ఉన్నాడు. కొట్లోకి వచ్చాక కూడా ఆపలేదు. "ముట్టుకోనిదాన్ని ముట్టుకున్నానని ఎలా చెప్పన్రా?" నాకు ఇక ఆగలేదు. మిషను ఆపేశాను.

"బావా, ఆ చొక్కా కుట్టింది నేనే."

"ఏ చొక్కా?"

"ఆ ఫార్వర్డుది. మ్యాచ్ అయ్యాక వాళ్ళ బస్సెక్కేముందు ఇక్కడికే వచ్చాడు. ఎదురుగా ఉన్న టైలరు నేనొక్కణ్ణేగా. ఈ బల్ల మీదే పరిచాను. గుడ్డ మధ్యలో చిరిగింది. నాలుగు వేళ్ళు పట్టిన చోట సాగింది. నాన్న నేర్పించిన చిరుగు, బావా. నీ చొక్కాల మీదే నేర్పించాడు."

బావ ఇస్త్రీ బల్ల మీద కూలబడ్డాడు. వెనకగదిలోంచి అక్క గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇరవై రెండేళ్ళ నుంచీ నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. పైగా బావవి."

బావ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికెళ్ళాను. నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

"లాగాన్రా! గట్టిగా లాగాను! అంత జోరుగా పోతున్నాడు వెధవ, వదిలేస్తే గోలు. చెప్పి చెప్పి, నాకే నిజమైపోయింది ముట్టుకోలేదని!"

"నాకూ తెలుసు," అంది అక్క గుమ్మంలోంచి. "ఆ రోజు మీ గోళ్ళల్లో ఎర్రదారం ఉంది. మా జట్టుది పచ్చచొక్కా."

ఇక మీటింగు రోజు. పొద్దున్నే బావ కోటు వేసుకుని, అక్కతో కలిసి కొట్లోకి వచ్చి, కుడిచెయ్యి నా ముందు చాపాడు.

"దీన్ని కట్టెయ్. దీని మీద నాకు నమ్మకం లేదు."

ఆలోచించి, కోటు కుడిచేతి అంచును జేబుకి కలిపి కచ్చా కుట్టు వేశాను. కచ్చా కుట్టంటే పైపైన వేసేది, కొస పట్టి ఒక్కసారి లాగితే మొత్తం ఊడొస్తుంది. చూసేవాళ్ళకి జేబులో చెయ్యి పెట్టుకున్నట్టుంటుంది. అనుకూలం అన్నప్పుడు లేవదు, వ్యతిరేకం అన్నప్పుడు దారం లాగి ఎత్తొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయి చొక్కా మార్చుకోవడానికి లోపలికెళ్ళాను. అదే నేను చేసిన పొరపాటు.

హాలు నిండిపోయింది. కూరగాయలవాళ్ళు, నర్సులు, బ్యాంకువాళ్ళు, ఐసు ఫ్యాక్టరీవాళ్ళు, అందరూ. సందర్శకుల బెంచీ మీద నా పక్కన అక్క. బావ సీటు మళ్ళీ కిటికీ పక్కనే. కింద మళ్ళీ మ్యాచ్.

"చైర్మన్‌గారూ, కాస్త ఆ కిటికీ మూయించండి," అన్నాడు బావ.

"గాలి రావాలి కదండీ," అన్నాడు చైర్మన్, ఫొటోకి నవ్వమన్నట్టు నవ్వుతూ.

బావ లేచి నిలబడ్డాడు. ఈసారి కాగితం లేదు.

"పోయినసారి నేను చెయ్యెత్తింది పొరపాటు. కింద ఆఫ్‌సైడ్ చూసి ఎత్తాను. నమ్మరని తెలుసు. గ్యాలరీ కింద నలభై నాలుగు కొట్లు పడతాయని చెబుతున్నాను. అదీ నమ్మరని తెలుసు. అందుకని ముందు ఇంకోటి చెప్పాలి." ఈల మాస్టారివైపు తిరిగాడు. "మాస్టారూ. చొక్కా లాగాను. మీరు ఊదింది కరెక్టు. నేను ఇరవై రెండేళ్ళు అబద్ధమాడాను."

హాల్లో తిరగని ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. తర్వాత వెనకనుంచి ఐసు ఫ్యాక్టరీ ముసలాయన గొంతు: "ఓరి నీ దుంపతెగ! నీ తరఫున నేను రెండు కొట్లాటల్లో దెబ్బలు తిన్నాను కదరా!"

నవ్వులు ఇంకా ఆగకముందే మాస్టారు అడిగాడు, "కొలతలు ఎవరు తీశారు?"

"మా టైలరు బావమరిది. ఒక్కో కొలతకీ అంగుళం వదులు కూడా పెట్టాడు."

"అయితే నలభై ఐదు పడతాయి," అన్నాడు మాస్టారు.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "తీర్మానాన్ని ఖాయం చేయడానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ఒట్టు, సరిగ్గా అప్పుడే కింద బంతి లేచింది. బావ భుజం ఎగిరింది. కోటు ఆపింది. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఒకటి, రెండు..." గుమాస్తా లెక్కపెడుతున్నాడు. ఈల మాస్టారి రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. "ఏడు."

"వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు?"

మాస్టారి చెయ్యి లేచింది, ఈల చేత్తో పట్టుకునే లేచింది. మిగతా ఆరూ లేచాయి. బావ దారం కొస పట్టి లాగాడు. ఊడలేదు. మళ్ళీ లాగాడు. మొహం ఎర్రబడింది. నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను.

"నీ కచ్చా కుట్టు నేను నమ్మలేదురా," అంది అక్క నా చెవిలో. "నువ్వు లోపలికెళ్ళాక, దారం కొస సరిచేస్తున్నానని ఆయనకి చెప్పి, నాలుగు పేటల దారంతో బిగించాను."

"ఏడు," అన్నాడు గుమాస్తా. "ఏడూ ఏడూ. కంచెగారూ, మీరు?"

"ఎత్తుతున్నానండీ! ఉండండి!"

"ఎడమ చెయ్యెత్తండి!" అని అరిచాను. వినబడితేగా. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎత్తింది కుడిచెయ్యే. ఐసు దిమ్మ ఎత్తినట్టు మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, ఒక్క ఊపు. పర్రుమని చప్పుడు. జేబు, దానితోపాటు పక్కనున్న కుట్టంతా, చంకదాకా విడిపోయింది. చెయ్యి నిటారుగా లేచింది. చేతికి జేబు జెండాలా వేలాడుతోంది. జేబులోంచి, నేనెప్పుడో రాసిచ్చిన పది నిమిషాల ఉపన్యాసం కిందపడింది.

"ఎనిమిది!" అని అరిచాడు గుమాస్తా, గుమాస్తానన్న సంగతి మరిచిపోయి.

ఈల మాస్టారు ఈల ఊదాడు. హాల్లో ఈల ఊదకూడదని రూలుందో లేదో నాకు తెలియదు. అది విని కింద గ్రౌండులో మ్యాచ్ ఆగిపోయింది. నర్సులు, బ్యాంకువాళ్ళు అందరూ తలలెత్తి మేడవైపు చూశారు. బావ కిటికీలోంచి అదే చెయ్యి ఊపాడు, జేబుతో సహా. చైర్మన్ ఒక్క నిమిషం మొహం ముడుచుకున్నాడు గానీ, గ్యాలరీ కొట్ల ప్రారంభోత్సవానికి వెనకాల పచ్చటి గ్రౌండు ఉంటే ఫొటో ఇంకా బాగా వస్తుందని ఎవరో అనగానే సర్దుకున్నాడు.

మెట్లు దిగుతుంటే మాస్టారు బావ పక్కనే నడిచాడు.

"ఆ రోజే చెప్పుంటే ఏం పోయేదయ్యా?"

"అవమానంగా ఉండేది మాస్టారూ."

"ఇప్పుడో?"

బావ వేలాడుతున్న జేబు చూసుకున్నాడు. "ఇప్పుడు చల్లగా ఉంది. చంక కింద గాలి ఆడుతోంది."

ఇప్పుడు గ్యాలరీ కింద నలభై ఐదు కొట్లున్నాయి. మాస్టారి లెక్కే కరెక్టు. నలభై ఐదోదానికి ఎవరూ ముందుకు రాకపోతే ముసలి కుక్కకే వదిలేశారు.

కోటు ఆ సాయంత్రమే నా బల్ల మీదికి వచ్చింది. అక్క, బావ, మాస్టారు ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. నేను వెలుతురుకి పట్టుకుని చూశాను. కుట్టు వెంబడే విడిపోయింది. పోగులు బయటికి లేచాయి.

"ఏమంటావురా టేపూ?" అన్నాడు బావ.

"ఇది చేత్తో చింపింది కాదు బావా," అన్నాను. "ఆటలో చిరిగిందే."

మాస్టారు తలూపాడు. నేను సూదిలోకి దారం ఎక్కించాను.